కూసోబెట్టు డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయిందన్న కబురు ఫోనులో వచ్చేసరికి నేను వార్డులో ఒక పెద్దాయన చేతికి సెలైన్ ఎక్కించి ప్లాస్టరు అంటిస్తున్నాను. ఒకప్పుడు మాతో పనిచేసి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్న సిస్టర్ చేసింది. "మన మేడమ్ పోయిందక్కా. నిన్న పొద్దుగాల. దమ్ము ఆడలేదట" అని ఏడ్చింది. నేను ప్లాస్టరు పూర్తిగా అంటించి, పెద్దాయన చెయ్యి దిండు మీద సర్ది, ఆ తర్వాత బయటికొచ్చి ఏడ్చాను. ఆమె చేతి కింద పనిచేసినవాళ్ళం ఎవరమైనా అట్లాగే చేస్తాం. సగం అంటించి వదిలేసిన ప్లాస్టరు చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది.

డ్యూటీ దిగి ఇంటికొచ్చి మా అత్తమ్మకు చెప్పాను. ఆమె వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చేతులు ఆగిపోయాయి. అయ్యో అనలేదు, ఎప్పుడని అడగలేదు. ఒకటే అడిగింది.

"కూసోబెట్టిండ్రా?"

నాకు తెలియదన్నాను.

"ఫోన్ చేసి అడుగు."

"ఇంకా దినాలు కూడా కాలేదత్తమ్మా. గిసొంటిది ఎట్ల అడుగుతం?"

"నోటితోని అడుగుతం. అడుగు పో" అని మళ్ళీ చింతపండు ముందుకు లాక్కుంది.

మా అత్తమ్మతో వాదించి గెలిచినవాళ్ళు బాన్సువాడలో ఎవరూ లేరు, ఒక్క డాక్టరమ్మ తప్ప. ఆమె కూడా వాదించి గెలవలేదు, చాప మీద పడుకుని గెలిచింది. ఆ సంగతి చెప్పే ముందు అత్తమ్మ అడిగిన ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి.

మా సర్కారు దవాఖానకు దమ్ము పేషెంట్లు ఒంటరిగా రారు. ఆటోలో, ట్రాలీలో, ఒక్కోసారి చెరుకు దింపి వస్తున్న ట్రాక్టర్ మీద కూడా వస్తారు. వెంట సగం ఊరు వస్తుంది. ఊపిరి అందక కొట్టుకుంటున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కూతురి ఒళ్ళో పెట్టి, మొహం మీద కొంగుతో విసురుతూ, చుట్టూ గాలి ఆడకుండా నిలబడి తెస్తారు. అది వాళ్ళ ప్రేమ. ప్రేమ ఎక్కువైన కొద్దీ మనిషిని ఇంకా అడ్డంగా పడుకోబెడతారు. బండి గేటు దాటుతుండగానే లోపలి నుంచి చెప్పుల చప్పుడు వినపడేది. డాక్టరమ్మ పొట్టి మనిషి. సెలైన్ స్టాండు కొక్కెం అందాలంటే మడమలెత్తాలి. అయినా ఆ పొట్టి కాళ్ళతోనే మా అందరికన్నా ముందు బండి దగ్గరుండేది.

"కూసోబెట్టండి! పడుకోబెట్టకండి! కూసోబెట్టండీ!"

ఆ కేక బస్టాండు దాకా వినపడుతుందని ఆటో డ్రైవర్లు నవ్వుకునేవాళ్ళు. ఆమె బండిలోకి ఎక్కి పేషెంటు వీపు వెనక తన భుజం ఆనించి లేపి కూర్చోబెట్టేది. ఆక్సిజన్ పెట్టకముందే, సూది ముట్టకముందే, ఆ మనిషి మొహంలో రంగు కాస్త మారేది. పక్కనున్నవాళ్ళు అది మంత్రం అనుకునేవాళ్ళు. "మంత్రం కాదండి. పడుకుంటే ఊపిరి అందదు, కూసుంటే కొంచెం అందుతుంది. మీకెవరికైనా దమ్ము వస్తే మీరే లేచి కూసోరూ?" అని ప్రతిసారీ, ప్రతి ఒక్కరికీ, మొదటిసారి చెబుతున్నంత ఓపికగా చెప్పేది. అట్లా ఆమె పేరు కూసోబెట్టు డాక్టరమ్మ అయింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ అక్కరలేకపోయింది.

ఆమె మాట కూడా ఒక వింతే. వర్ని దిక్కు కాలువ కింద వరి పండించుకునే కుటుంబం వాళ్ళది, పెద్దలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో అండీ గిండీ అంటూ పెరిగి, బడిలో మా మాట నేర్చుకుని, రెండూ కలిపి మాట్లాడేది. "ఏందండి" అనేది. "ఎందుకు ఫికర్ చేస్తున్నారండి" అనేది. "మేడమ్, మీరు ఇటా అటా?" అని నేను ఆటపట్టిస్తే, "నొప్పి ఎటుంటే అటు" అనేది.

కడుపునొప్పి అని ఎవరైనా వస్తే ఆమె ముందు కుర్చీ జరుపుకుని కూర్చునేది. చొక్కా పైకి ఎత్తించి చూస్తూ ఊరుకునేది. ముట్టేది కాదు. కదిలేది కాదు. వెంట వచ్చినవాళ్ళు కాసేపు చూసి, ఒకరినొకరు గిల్లుకుని, "సిస్టర్, మేడమ్ నిద్రపోయిందా ఏంది?" అని నన్ను పక్కకు పిలిచి అడిగేవాళ్ళు. ఆమె అప్పుడు ఊపిరి చూస్తుండేది. ముక్కు పుటాలు ఎగురుతున్నాయా, డొక్కలు లోపలికి గుంజుకుంటున్నాయా, కడుపు ఊపిరితో కలిసి ఆడుతుందా లేక చెక్కలా బిగుసుకుపోయిందా అని. "కడుపు అంటూ వస్తే ముందు ఛాతీ చూడు సిస్టర్. దమ్ము అంటూ వస్తే కడుపు కూడా చూడు. ఇవి రెండూ ఒకే ఇంట్లో తోడికోడళ్ళు, ఒకదాని మీద కోపం ఇంకోదాని మీద చూపిస్తాయి" అని నాకు చెప్పేది. నాకు తోడికోడలు ఉంది కాబట్టి వెంటనే అర్థమైంది.

ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకునేది. చలికాలమైతే చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వేడి చేసుకునేది. చాయ్ తాగేది కాదు, చాలాసార్లు నేనే తాగేదాన్ని. చల్లటి చెయ్యి పడితే ఏ కడుపైనా బిగుసుకుంటుందని, అప్పుడు నిజంగా బిగుసుకున్న కడుపేదో తెలియదని ఆమె లెక్క. చివరికి పేషెంటును లేపి నిలబెట్టి అనేది: "ఒక్కసారి దుంకండి."

లోపల ఏదైనా వాచి ఉంటే, పగలడానికి సిద్ధంగా ఉంటే, మనిషి ఎగరలేడు. ఎగిరి దిగేసరికి కడుపు పట్టుకుని వంగిపోతాడు. అట్లాంటివాళ్ళకు నోట్లో నీళ్ళ చుక్క పోయనీయకుండా, సెలైన్ పెట్టి, మొదటి అంబులెన్సులో నిజామాబాద్ పంపేది. ఆపరేషన్ చేసే డాక్టరు అప్పుడు మా దగ్గర లేడు. హాయిగా ఎగిరినవాళ్ళను పడుకోబెట్టి ఇంకా చూసేది. కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత మనవాళ్ళు మనవాళ్ళే కదా, సంగతి కనిపెట్టారు. దుంకితే ఇంటికి పంపుతుంది, దుంకకపోతే నిజామాబాద్ పంపుతుంది అని ఊరూరా పాకింది. జనం ఇంటి దగ్గర దుంకడం ప్రాక్టీసు చేసుకుని రావడం మొదలుపెట్టారు. నేను అబద్ధం చెప్పడం లేదు, దవాఖాన వరండాలో ఒక ముసలాయన ఎగురుతుంటే కొడుకు, "ఇంకొంచెం నవ్వుకుంట దుంకే నాయినా" అని నేర్పుతుండగా నా కళ్ళతో చూశాను.

కోతల కాలంలో వర్ని నుంచి ఒక రైతు వచ్చాడు. ఆమెకు తెలిసిన కుటుంబమే. దుంకమంటే చక్కగా దుంకాడు. ఆమె కాళ్ళ వైపు చూడలేదు.

"బాగా దుంకారండి. మరి ఆ తువ్వాలు ఎందుకు కొరుకుతున్నారు?"

ఆయన నోట్లోంచి తువ్వాలు తీసి, చెమటలు కక్కుతూ, "ఇవాళ మా మడికి హార్వెస్టర్ వస్తుందమ్మా. నేను లేకపోతే ఎట్లాగ?" అన్నాడు.

"హార్వెస్టర్‌కి మీరు లేకున్నా తోవ తెలుసండి" అని ఆమే దగ్గరుండి అంబులెన్స్ ఎక్కించింది. కడుపులో పుండు పగిలిందని అక్కడ ఆపరేషన్ చేశారు. బతికాడు. పంట కూడా కోశారు. ఆ రోజు నుంచి ఆమె దుంకేటప్పుడు మొహం చూడాలని నాకు నేర్పింది. "కాళ్ళు ఇంటికి పోవాలనుకుంటాయి సిస్టర్. మొహం చూడు."

ఇక మా ఇంటి సంగతి. వరి, చెరుకు పండించే ఇల్లు మాది, కానీ మా అత్తమ్మ పేరు పంటల వల్ల రాలేదు, ఆమె చేతి వల్ల వచ్చింది. కడుపునొప్పి వస్తే బొడ్డు పక్కకు జరిగిందని మా దిక్కు నమ్మకం. ఆముదం రాసి కడుపు రుద్ది బొడ్డును దాని చోటుకు తేవాలి. బిచ్కుంద నుంచి, మహమ్మద్ నగర్ నుంచి అవ్వ చేతి కోసం వచ్చేవాళ్ళు. చాలామందికి తగ్గేది కూడా, ఎందుకంటే చాలా నొప్పులు వాటంతట అవే తగ్గేవి. తగ్గనివాళ్ళు నా దగ్గరికి దవాఖానకు వచ్చేవాళ్ళు. పొద్దున అత్త రుద్దిన కడుపుకు సాయంత్రం కోడలు సెలైన్ పెట్టే ఇల్లు ఇంకెక్కడా ఉండదు. ఇంట్లో ఈ విషయం మీద మాట్లాడితే యుద్ధమే. అందుకని చెరో వైపు చూసుకుంటూ అన్నం తినేవాళ్ళం.

ఒక ఎండాకాలం ట్రాక్టర్ నడిపే పిల్లగాడిని తెచ్చారు. కడుపంతా బిగుసుకుపోయి, జ్వరంతో కాలిపోతున్నాడు. అపెండిక్సు పగిలింది. డాక్టరమ్మ, "ఎవరితో రుద్దించారండి?" అని, ఎక్కడ భోంచేశారని అడిగినంత మామూలుగా అడిగింది. వాళ్ళ నాయన తల దించుకుని చెప్పాడు.

"అవ్వ తానికి పోయినం మేడమ్. రెండుసార్లు రుద్దింది. కొంచెం అల్కగైనట్టే అయింది."

నేను పక్కనే బీపీ మిషను పట్టుకుని నిలబడ్డాను. "మా అత్తమ్మనే మేడమ్" అన్నాను. "తెలుసు" అంది. పిల్లగాడిని పంపించాక వాళ్ళ మేనమామ గేటు దగ్గర నిలబడి అరిచాడు. "ఆ ముసల్దాని మీద కేసు పెట్టాలె! పోలీసులకు మీరే రాసియ్యుండ్రి మేడమ్!"

దాచడం ఎందుకు, భయపడ్డాను. అత్తమ్మను పోలీసు స్టేషన్ బెంచీ మీద ఊహించుకున్నాను. డాక్టరమ్మ అతని మాట చివరిదాకా విని, నెమ్మదిగా అంది: "కేసు పెడితే రుద్దుడు ఆగదండి. రుద్దించుకున్నామని నాతో చెప్పుడు ఆగుతది. అప్పుడు నేను ఏం తెలుసుకుని ఏం చేయాలి?"

మర్నాడు తన స్కూటీ మీద మా ఇంటికొచ్చింది. అత్తమ్మ అప్పటికే ఊరి మాటలన్నీ విని, వసారాలో మొహం గంటు పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ చెప్పులు విడిచి, గడియారం తీసి నా చేతికిచ్చి, అక్కడ పరిచి ఉన్న చాప మీద వెల్లకిలా పడుకుంది.

"అవ్వా, నా కడుపు రుద్దు."

అత్తమ్మ బిత్తరపోయింది. "నీకేమైందమ్మా?"

"ఏం కాలేదు. నువ్వు ఎట్ల రుద్దుతవో నాకు తెలవాలె."

అత్తమ్మ నా వైపు చూసింది, నేను పైకప్పు వైపు చూశాను. చివరికి ఆముదం గిన్నె తెచ్చుకుని మొదలుపెట్టింది. డాక్టరమ్మకు కితకితలు. చెయ్యి పడగానే కిలకిలా నవ్వి ముడుచుకుపోయింది. అత్తమ్మ, "మంచిగ పండు, చిన్నపోరి తీర్గ చేస్తవేంది" అని గదమాయించింది. మా దవాఖాన మొత్తం భయపడే మనిషిని మా అత్త చాప మీద గదమాయిస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. కాసేపటికి నవ్వులు ఆగాయి. అత్తమ్మ వేళ్ళు లోపలికి దిగేకొద్దీ డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది.

"ఇంత గట్టిగ నొక్కుతవా అవ్వా?"

"నొక్కకుంటే బొడ్డు ఎట్ల జరుగుతది?"

డాక్టరమ్మ అత్తమ్మ చెయ్యి పట్టుకుని తన కడుపు కింద కుడివైపు పెట్టుకుంది. "ఆ పిల్లగానికి ఇక్కడ చీముగడ్డ ఉండె. ఇంతే గట్టిగ నొక్కితే ఏమైతదో నువ్వే చెప్పు."

అత్తమ్మ చెయ్యి తీసేసింది. తర్వాత చాలా చిన్నగా, "బతికిండా?" అని అడిగింది.

"బతికిండు. ఆపరేషనైంది."

అత్తమ్మ ఆముదం గిన్నె పక్కకు జరిపింది. "అయితే నన్ను రుద్దొద్దంటవు. నీ అంత ఉన్నప్పటి సంది రుద్దుతున్న. నువ్వు వచ్చి నేర్పుతవా నాకు?"

"నేర్పనవ్వా. సాయం అడుగుతున్న. వాళ్ళు నా దగ్గరికి అంతా అయిపోయినంక వస్తుండ్రు. నీ దగ్గరికి ముందుగల్ల వస్తరు. నువ్వు నాకన్నా ముందు చూస్తవు. చూసి చెప్పు."

అత్తమ్మకు ఎవరూ అంతవరకు ఆ మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకు తోచలేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంట్లో అన్నం తిన్నారు. చేతులు కడుక్కున్నాక పాఠం సాగింది. ముందు చేతులు వేడి చేసుకోవాలి. రుద్దే ముందు దగ్గించాలి, దుంకించాలి, దుంకేటప్పుడు మొహం చూడాలి. దుంకి కడుపు పట్టుకున్నవాళ్ళను ముట్టొద్దు. మిగతావాళ్ళను ముట్టినా వెంటనే రుద్దొద్దు, చెయ్యి ఊరికే పెట్టి ఉంచాలి. "నీ చెయ్యి ఎంత తొందరగా లేస్తుందో, దిగుతుందో చూడవ్వా. అది ఊపిరి. కడుపు మెత్తగున్నా చెయ్యి ఉరుకుతుంటే కడుపు మాట నమ్మకు, బండి పిలువు." అత్తమ్మ మొహం ఇంకా గంటుగానే ఉంది. కానీ డాక్టరమ్మ స్కూటీ ఎక్కి వెళ్ళాక, చాలాసేపు తన కడుపు మీద తన చెయ్యి పెట్టుకుని కూర్చోవడం వంటింట్లోంచి చూశాను.

ఆ తర్వాత మా దవాఖానకు కడుపు పట్టుకుని వచ్చేవాళ్ళు త్వరగా రావడం మొదలైంది. "అవ్వ పంపింది" అనేవాళ్ళు. డాక్టరమ్మ మిగతా పనులు ఆపి లేచేది.

తర్వాత వచ్చిన వానాకాలంలో ఒక రోజు పగలు నేను డ్యూటీలో ఉన్నాను. బడి నుంచి వచ్చిన మా బిడ్డ స్వాతికి ఇంట్లో కడుపునొప్పి మొదలైంది. అప్పుడది రెండో తరగతి. ఆమధ్య వచ్చిన జలుబు పూర్తిగా పోలేదు. నాయినమ్మ దగ్గర పడుకుని, "రుద్దవే నాయినమ్మా" అని ఏడ్చింది. అత్తమ్మ దగ్గించింది, దుంకించింది. పిల్ల చక్కగా దుంకింది, మొహం కూడా ముడవలేదు. కడుపు దూదిలా మెత్తగా ఉంది. నేర్చుకున్న పాఠం ప్రకారం రుద్దొచ్చు. మనవరాలు ఏడుస్తోంది, ఆముదం పక్కనే ఉంది, ఊరందరికీ రుద్దిన చెయ్యి ఉంది. అత్తమ్మ చెయ్యి పెట్టి ఊరికే ఉంచింది. చెయ్యి ఉరుకుతోంది.

ఆటో మా గేటులోకి వచ్చేసరికి నాకు ముందు కేక వినపడింది. "జరుగుండ్రి! కూసోబెట్టి తెస్తున్న!" లోపల అత్తమ్మ మనవరాలిని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, వీపు తన ఛాతీకి ఆనించుకుని ఉంది. పిల్ల పెదాలు నీలంగా తిరిగాయి. నర్సును, ఎందరి పిల్లల్నో చూశాను, నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి చేతిలోని ట్రే ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు.

"ఏం చూసినవ్ అవ్వా?" డాక్టరమ్మ ముందు ఆమెనే అడిగింది.

"కడుపు మెత్తగున్నది. దుంకింది. గానీ చెయ్యి ఉరుకుతుంది."

డాక్టరమ్మ స్టెతస్కోపు పిల్ల వీపు కింది భాగాన కుడివైపు పెట్టింది. చల్లగా తగిలి పిల్ల ఉలిక్కిపడింది. ఆ రోజు ఆమె చేతులు రుద్దుకోలేదు, నేను చూశాను. నాకు అప్పుడు అసలైన భయం తెలిసింది. "ఊపిరితిత్తి అడుగున నిమ్ము పట్టింది. నొప్పి కడుపులో చూపిస్తుంది" అంటూనే ఆక్సిజన్ పెట్టించింది, ఇంజెక్షన్ తనే చేసింది. అంబులెన్సు సిద్ధంగా ఉంచి, పిల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఎప్పటిలాగే నిద్రపోతున్నట్టు చూస్తూ ఉంది. రాత్రి పొద్దుపోయేసరికి డొక్కలు గుంజుకోవడం తగ్గింది. స్వాతి కళ్ళు తెరిచి, "మేడమ్, నేను దుంకిన" అని గొప్పగా చెప్పింది.

"బాగా దుంకావమ్మా. మొత్తం బాన్సువాడలో నువ్వే ఫస్టు" అంది డాక్టరమ్మ. లేచి బయటికెళ్ళి, చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వరండాలో నిలబడింది. అందులో చాయ్ లేదు. నేను పోయి ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె పొట్టిది కాబట్టి బాగా వంగాల్సి వచ్చింది. "ఫికర్ చేయకండి సిస్టర్, తగ్గుతుంది" అని నా వీపు నిమిరింది. అత్తమ్మను పిలిచి రెండు చేతులూ పట్టుకుంది.

స్వాతి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. డాక్టరమ్మ రిటైరై హైదరాబాద్‌లో తమ్ముడి ఇంటికి వెళ్ళింది. పండగలకు ఫోన్ చేస్తే ముందు, "అవ్వ చెయ్యి ఎట్లుంది?" అనేది. తన గుండె బాగాలేదని మాత్రం మాకు చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది.

అత్తమ్మ పోరు పడలేక చివరికి హైదరాబాద్ సిస్టర్‌కు ఫోన్ చేసి అడిగాను. ఆమె డాక్టరమ్మ తమ్ముడి కోడలిని అడిగి, మర్నాడు సాయంత్రం తిరిగి చేసింది. దమ్ము మొదలవగానే ఇంట్లోవాళ్ళు భయపడ్డారట, కానీ ఎన్నేళ్ళుగానో ఆమె నోట వింటున్న మాటే కదా, గోడకు దిండ్లు పేర్చి, వెనక తమ్ముడు కూర్చుని, భుజం ఆనించి కూర్చోబెట్టాడట. అంబులెన్సు వచ్చేలోగానే పోయింది. కానీ పోయే ముందు కళ్ళు తెరిచి చూసి, "బాగా కూసోబెట్టారండి" అన్నదట.

ఆ మాట అత్తమ్మకు చెప్పాను. ఆమె ఎదురుగా బిచ్కుంద నుంచి వచ్చిన ఒక పిల్ల కడుపు పట్టుకుని, తల్లి కొంగు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంది.

"మంచిగ చేసిండ్రు" అంది అత్తమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుని, పిల్ల వైపు తిరిగింది.

"ఇగ దుంకు బిడ్డా. కిందికి కాదు, నా దిక్కు చూసుకుంట దుంకు."